మాకు వచ్చాకే మీకు

ఈమధ్య పరిచయస్థుడైన ఒక ఎలక్ట్రికల్ సబ్‌కాంట్రాక్టరు, తనకు కొత్తగా వచ్చిన వర్క్ ఆర్డరు చదివి రేట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పమని నా దగ్గరకు తెచ్చాడు. హైదరాబాదు శివారులో లేస్తున్న బహుళ అంతస్తుల నివాస భవనాల్లో వైరింగ్ పని అది. పైపుల రేటు, పాయింటు (ఒక్కో లైటుకో ప్లగ్గుకో ఇచ్చే కనెక్షన్) రేటు, డి.బి.ల (కరెంటు పంపిణీ పెట్టెల) బిగింపు రేటు వరసగా చూసుకుంటూ వచ్చి చెల్లింపుల షరతు దగ్గర ఆగిపోయాను. యజమాని నుంచి సంబంధిత ఆర్.ఏ. బిల్లు సొమ్ము ప్రధాన కాంట్రాక్టరుకు అందిన తరువాత 15 రోజులలో సబ్‌కాంట్రాక్టరుకు చెల్లించబడును అని అక్కడ ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆర్.ఏ. బిల్లు అంటే అయినంత పనికి విడతలవారీగా పెట్టే బిల్లు. ఆ సొమ్ము ఎప్పటికి అందాలి, అందకపోతే ఏమిటి, అందిన సంగతి ఇతనికి ఎలా తెలుస్తుంది అన్నవేవీ అందులో లేవు. దాని గురించి అడిగితే, “అది అందరూ రాసేదే కదా సార్, మీరు పాయింటు రేటు చూడండి” అన్నాడు.

పాయింటుకు పది రూపాయలు తగ్గితే అతనికి ఎంత నష్టమో వేళ్ల మీద లెక్క చెప్పగలడు. ఆ ఒక్క వాక్యం వల్ల ఎంత నష్టమో ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. బిల్లింగ్ విభాగంలో, అదీ ప్రధాన కాంట్రాక్టర్ల వైపున, ఎక్కువకాలం పనిచేసినవాణ్ణి కనుక ఆ వాక్యం వెనక ఉన్న అవసరం నాకు తెలుసు. తెలిసే చెబుతున్నాను: “మాకు వచ్చాకే మీకు” అనే షరతు మన దేశంలో చట్టప్రకారం చెల్లకుండా పోవాలి. ఒక పనిని కొలిచి, తనిఖీ చేసి, సర్టిఫికెట్ ఇచ్చాక ఆ పని తాలూకు సొమ్ము చేసినవాడికి నిర్ణీత గడువులో చేరాలి. యజమాని ప్రధాన కాంట్రాక్టరుకు ఇచ్చాడా లేదా అన్నదానితో దానికి సంబంధం ఉండకూడదు. ఈ అభిప్రాయానికి ఎదురయ్యే ప్రశ్నలు చిన్నవేమీ కావు. వాటి దగ్గరకు వస్తాను.

వడ్డీ ఎవరు కడుతున్నారు

నెలకు 20 లక్షల రూపాయల పని చేసే సబ్‌కాంట్రాక్టరును ఊహించుకుందాం. అందులో కూలీ, సామాను, సైటు ఖర్చులు కలిపి 18 లక్షలు పోతే, కాగితం మీద మిగులు 2 లక్షలు. ఈ రంగంలో పదిశాతం మిగులంటే మంచి మిగులే. కొలతలు తీసి, జాయింట్ మెజర్‌మెంట్ షీట్ల మీద సంతకాలు పెట్టించి, బిల్లు సర్టిఫై అయ్యేసరికి ఒక నెల. యజమాని ప్రధాన కాంట్రాక్టరుకు చెల్లించేసరికి మరో నెల. అక్కడినుంచి కిందికి దిగేసరికి ఇంకో నెల. సైట్ల మీద తిరిగినవారికి ఇది దారుణమైన ఆలస్యంగా అనిపించదు, మామూలే అనిపిస్తుంది. ఆ మామూలులో ఇతని డబ్బు ఎప్పుడూ మూడు నెలల పాటు, అంటే 54 లక్షలు, బయటే ఉంటుంది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ ఇచ్చేంత ఆస్తి ఇతనికి ఉండదు కనుక నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తాడు. నెలకు 1,08,000 వడ్డీ. రెండు లక్షల మిగులులో సగానికి పైగా అక్కడే పోయింది. ఇక ప్రతి బిల్లులో 5 శాతం రిటెన్షన్ (లోపాలకు పూచీగా ఆపి ఉంచే సొమ్ము) కింద లక్ష ఆగుతుంది. మిగులు చేతికి రాకపోగా నెలకు 8,000 ఎదురు పెట్టుకోవాలి. ఒక శాతం టి.డి.ఎస్. సంగతి ఇందులో కలపలేదు. పన్ను ఇన్‌వాయిస్ ఇచ్చినందుకు సొమ్ము చేతికి రాకుండానే మరుసటి నెల 20వ తేదీకల్లా కట్టవలసిన జి.ఎస్.టి. కూడా కలపలేదు. 20 లక్షల బిల్లు మీద 18 శాతం చొప్పున అది 3,60,000.

ఇక్కడ నేను గమనించమని కోరేది ఒకటే. ఆ మూడు నెలల్లో కట్టడం ఆగలేదు. అంతస్తు మీద అంతస్తు లేస్తూనే ఉంది. ఆ లేచిన మేరకు పెట్టుబడి పెట్టినవాడు యజమానీ కాదు, ప్రధాన కాంట్రాక్టరూ కాదు. మొత్తం గొలుసులో అందరికంటే ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చేవాడి చేత మొత్తం ప్రాజెక్టుకు అప్పు ఇప్పిస్తున్నాము, అదీ వడ్డీ లేకుండా. న్యాయం మాట అటుంచి, డబ్బు లెక్కగా చూసినా ఇది తెలివైన ఏర్పాటు కాదు. ఆ వడ్డీ భారం ఎక్కడికో పోదు. తక్కువ మందం పైపుగా, తగ్గించిన ఎర్తింగ్‌గా, సగం పనిలో మాయమైన మనుషులుగా తిరిగి భవనంలోకే వస్తుంది.

కూలి మాత్రం ఏ షరతు కోసమూ ఆగదు. సెంట్రింగ్ మేస్త్రీ దగ్గర పనిచేసే కుర్రవాళ్లకు వారం వారం ఖర్చులకు ఇవ్వాలి, పండగకు ఊరు వెళ్లేటప్పుడు లెక్క తేల్చాలి. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చినవాళ్లు పండగ ముందు లెక్క తేలకపోతే మళ్లీ ఆ మేస్త్రీ దగ్గరకు రారు. అందుకే సంక్రాంతికి, దసరాకు ముందు వారంలో ప్రధాన కాంట్రాక్టరు ఆఫీసు ముందు సబ్‌కాంట్రాక్టర్లు గంటల తరబడి కూర్చుంటారు. లోపలినుంచి పిలుపు వస్తుంది, “పండక్కి ఏదో సర్దుతాంలే” అంటారు, రావలసిన పదకొండు లక్షల్లో మూడు లక్షలు ఇస్తారు. ఇతను చేతులు జోడించి వస్తాడు. ఆ దృశ్యం నేను ఎన్నోసార్లు చూశాను. రావలసిన బాకీ అక్కడ దయగా మారిపోయింది. ఇచ్చేవారిలో చెడ్డవారు ఎవరూ లేకపోయినా అదే జరుగుతుంది, ఎందుకంటే అడగడానికి ఇతని చేతిలో ఏ హక్కూ లేదు.

సర్టిఫికెట్ అంటే నగదేనా

ఈ ప్రశ్న మీద ఇంగ్లండులో యాభై ఏళ్ల క్రితమే పెద్ద వాదం నడిచింది. 1971లో డానీస్ వర్సెస్ మింటర్ అనే కేసు అప్పీలు కోర్టుకు వచ్చింది. డానీస్ ఉక్కు పని చేసిన నామినేటెడ్ (యజమాని తరఫున ఎంపికైన) సబ్‌కాంట్రాక్టరు, మింటర్ ప్రధాన కాంట్రాక్టరు. ఆర్కిటెక్టు ఇచ్చిన మధ్యంతర సర్టిఫికెట్‌లో డానీస్‌కు చెందవలసిన సొమ్ము విడిగా చూపించి ఉంది. మింటర్ మాత్రం, నీ ఆలస్యం వల్ల మాకు నష్టం వచ్చింది కనుక అది తేలేదాకా ఇవ్వము అన్నది. న్యాయమూర్తి లార్డ్ డెనింగ్ ఆ వాదం ఒప్పుకోలేదు. మధ్యంతర సర్టిఫికెట్‌ను దాదాపు నగదుగా, హుండీతో సమానంగా చూడాలన్నారు. చేతిలో డబ్బు ఉండి తరువాతి పని సాగాలనే కదా ఆ సర్టిఫికెట్ ఇచ్చేది. అడ్డు దావాలు ఏమైనా ఉంటే అవి తరువాత తేల్చుకోవాలి, సర్టిఫై అయిన సొమ్ము ఇప్పుడు ఇవ్వాలి అన్నది ఆ తీర్పు సారం.

ఆ తీర్పు ఎక్కువకాలం నిలవలేదు. 1973లో గిల్బర్ట్-ఆష్ కేసులో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దానిని తోసిపుచ్చింది. కట్టడపు కాంట్రాక్టుకు ప్రత్యేకమైన న్యాయం ఏదీ లేదని, నష్టాన్ని మినహాయించుకునే మామూలు హక్కు ఎవరికైనా ఉంటుందని, అది వద్దనుకుంటే కాంట్రాక్టులోనే స్పష్టంగా రాసుకోవాలని చెప్పింది. న్యాయశాస్త్రం ప్రకారం ఆలోచిస్తే రెండో తీర్పు తప్పని అనలేను. సర్టిఫికెట్ ఇచ్చిన ఇంజనీరు గోడ పైపైన చూసి ఉండవచ్చు, లోపల లోపం ఉండవచ్చు. సొమ్ము మొత్తం ఇచ్చేశాక దివాలా తీసిన సబ్‌కాంట్రాక్టరు నుంచి ఎలా రాబట్టాలి? ఇది నిజమైన ప్రశ్నే. అయినా ఆ తీర్పు తరువాత సైట్ల మీద ఏం జరిగిందన్నది మరో సంగతి. నష్టం ఉన్నా లేకపోయినా ఉన్నదని చెప్పి ఆపగలగడం డబ్బు ఉన్నవాడి చేతిలో ఆయుధమైంది. చివరికి 1994లో అక్కడి నిర్మాణ రంగం మీద లేథమ్ నివేదిక వచ్చింది. దాని ఫలితంగా 1996లో చట్టం వచ్చి 1998 మే 1 నుంచి అమలైంది.

ఆ చట్టం డెనింగ్ మాటను ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు. అంతకంటే తెలివైన పని చేసింది. 45 రోజులు, అంతకు మించి సాగే ఏ కట్టడపు కాంట్రాక్టులోనైనా విడతలవారీ చెల్లింపు హక్కుగా వస్తుంది. తగ్గించి ఇవ్వదలచుకుంటే ఎంత తగ్గిస్తున్నారో, ఎందుకో ముందుగా లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇవ్వకపోతే పూర్తి సొమ్ము ఇచ్చి తీరాలి. ఆ సొమ్ము ఇవ్వకపోతే పని ఆపే హక్కు కిందివాడికి ఉంది. తగవు వస్తే అడ్జుడికేటరు (తగవు త్వరగా తేల్చే తటస్థుడు) 28 రోజుల్లో తేల్చాలి. “మాకు వచ్చాకే మీకు” అనే షరతు, పైవాడు దివాలా తీసిన సందర్భంలో తప్ప, చెల్లదు. 2011 అక్టోబరులో అమలైన సవరణలతో, పై కాంట్రాక్టులో సర్టిఫికెట్ వస్తేనే కింద చెల్లిస్తామనే దొడ్డిదారి కూడా మూసేశారు. లోపం ఉంటే మినహాయించుకునే హక్కు పోలేదు, కారణం చెప్పకుండా ఆపే హక్కు పోయింది. ఈ తేడాయే నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

చట్టం వచ్చాక అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను అనడం లేదు. 2018 జనవరిలో కారిలియన్ అనే పెద్ద నిర్మాణ సంస్థ మూతపడినప్పుడు దాని కింద పనిచేసిన వేలాది చిన్న సంస్థల బాకీలు, రిటెన్షన్‌తో సహా మునిగిపోయాయి. 120 రోజుల చెల్లింపు గడువును ఆ సంస్థ తన సరఫరాదారుల మీద పెట్టగలిగింది, ఎందుకంటే గడువు ఎంత ఉండాలో ఆ చట్టం నేరుగా పరిమితి పెట్టలేదు. దాని నుంచి నేను నేర్చుకునేది చట్టం దండగ అని కాదు. షరతును నిషేధించడంతోపాటు గడువుకు పైహద్దు కూడా ఉండాలని, రిటెన్షన్ సొమ్ము ప్రధాన కాంట్రాక్టరు సొంత ఖాతాలో కలిసిపోకూడదని నేర్చుకుంటాను.

మన దగ్గర ఉన్నదేమిటి

మన ప్రజా పనుల కాంట్రాక్టుల్లో మధ్యంతర చెల్లింపుకు ఒక నిర్వచనం ఉంది. సి.పి.డబ్ల్యూ.డి. (కేంద్ర ప్రజా పనుల శాఖ) సాధారణ షరతుల్లో 7వ క్లాజు ప్రకారం మధ్యంతర సర్టిఫికెట్ మీద ఇచ్చే సొమ్ము తుది బిల్లుకు బయానాగా ఇచ్చిన అడ్వాన్సు మాత్రమే. తరువాత లోపం కనబడితే పనిని తిరస్కరించే హక్కు, కొలత సవరించే హక్కు అలాగే ఉంటాయి. నా వాదానికి ఇది విరుద్ధమని కొందరు మిత్రులు అంటారు. నాకు దీనిలో బలమే కనిపిస్తుంది. ఇప్పుడిచ్చేది అడ్వాన్సే అయితే, తప్పు తేలితే వచ్చే నెల బిల్లులో సరిచేసుకోవచ్చు. తరువాత సరిచేసుకునే వీలు ఉన్నప్పుడు ఇప్పుడు ఆపవలసిన అవసరం అంతమేరకు తగ్గుతుంది కదా. పైనున్న యజమానికి, ప్రధాన కాంట్రాక్టరుకు మధ్య ఈ సర్దుబాటు ఏళ్లుగా సాఫీగానే సాగుతున్నది. అదే సర్దుబాటు ఒక మెట్టు కిందికి దిగేసరికి ఎందుకు అసాధ్యమవుతుందో నాకు ఎవరూ సరిగా చెప్పలేకపోయారు.

సబ్‌కాంట్రాక్టరు సంగతికి వస్తే, ప్రభుత్వ పనుల్లో అతను చాలాసార్లు కాగితం మీద లేడు. ఇంజనీరు లిఖితపూర్వక అనుమతి లేకుండా పనిని సబ్‌లెట్ చేయకూడదని షరతు ఉంటుంది. అనుమతి అడిగేవారు తక్కువ. అందువల్ల పని చేస్తున్నవాడు సైటు మీద అందరికీ తెలుసు, ఫైలులో ఎవరికీ తెలియదు. లేనివాడికి సొమ్ము అందిందా అని ఎవరు అడుగుతారు?

చట్టాల్లోకి వెళ్తే మొదట 1872 నాటి కాంట్రాక్టు చట్టం. అనిశ్చితమైన ఒక సంఘటన జరిగితేనే నెరవేర్చవలసిన ఒప్పందాన్ని, ఆ సంఘటన జరిగేదాకా అమలు చేయించలేమని దాని 32వ సెక్షన్ అంటుంది. ప్రధాన కాంట్రాక్టరు తరఫు లాయరు ఈ సెక్షన్‌నే పట్టుకుంటాడు: మాకు సొమ్ము రావడమే ఆ సంఘటన, అది ఇంకా జరగలేదు. చట్టం రాసినవారి మనసులో ఇటువంటి బాకీ ఉండి ఉంటుందని నేను అనుకోను. పని జరిగిపోయింది, గోడలో పైపు ఉంది, ఆ గోడ మీద ప్లాస్టరింగ్ కూడా అయిపోయింది. అనిశ్చితంగా మిగిలింది ఇంకొకరి ఖజానా ఒక్కటే.

దీనికి విరుగుడు 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టంలో ఉందని చాలామంది నమ్ముతారు. దాని 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు, ఒప్పందంలో ఏమి రాసుకున్నా సరే, 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చొప్పున, నెల నెలా కలిపే చక్రవడ్డీ కట్టాలి. ఈ చట్టం కింద వచ్చిన తీర్పును కొనుగోలుదారు, అంటే సొమ్ము ఇవ్వవలసినవాడు, సవాలు చేయాలంటే సొమ్ములో 75 శాతం ముందుగా డిపాజిట్ చేయాలి. చదివితే గుండె నిబ్బరమవుతుంది. అయితే సామానూ శ్రమా కలిసిన వర్క్స్ కాంట్రాక్టులు ఈ చట్టం కిందికి వస్తాయా రావా అన్న దానిమీద హైకోర్టుల మధ్య ఏకాభిప్రాయం లేదు, రావు అన్న తీర్పులు కొన్ని ఉన్నాయి. ఎలక్ట్రికల్, ప్లంబింగ్ పనివాడు చేసేది అదే రకం పని. ఎవరి కోసం గడువు పెట్టాలో వాళ్ల దగ్గరికి వచ్చేసరికే చట్టం సందేహంలో పడింది.

ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) సెక్షన్ వచ్చి, 2024-25 మదింపు సంవత్సరం నుంచి సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులో చెల్లించని బాకీలను ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేకుండా చేసింది. మార్చి నెలాఖరుకు కొందరికి డబ్బు త్వరగా అందిన మాట నిజం. నాకు తెలిసిన ఒకరిని మాత్రం ఉద్యం నమోదు (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు) లేదని రాసి ఇమ్మన్నారు. రాసిచ్చాడు, పని కావాలి కనుక.

ఇక దివాలా చట్టం. 2020 మార్చిలో, కోవిడ్ మొదట్లో, బాకీ కనీస పరిమితిని లక్ష రూపాయల నుంచి కోటి రూపాయలకు పెంచారు. నలభై లక్షలు రావలసినవాడు ఆ తలుపు తట్టనే లేడు. కోటికి పైగా రావలసినా, ముందునుంచే తగవు ఉన్నదని అవతలివారు చూపగలిగితే దరఖాస్తు నిలవదు. ముందే పంపిన ఒక డెబిట్ నోటు (నీ లెక్కలోంచి ఇంత తగ్గిస్తున్నామనే కాగితం) కూడా తగవు ఉన్నట్టు చూపడానికి పనికొస్తుంది. కార్మికుడి కూలి విషయంలో మాత్రం, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమలులో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం గట్టిగా మాట్లాడింది: కాంట్రాక్టరు ఇవ్వకపోతే ప్రధాన యజమాని ఇచ్చి, ఆ తరువాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. కూలీకి ఒప్పుకున్న ఈ సూత్రాన్ని ఆ కూలీకి జీతమిచ్చే చిన్న కాంట్రాక్టరు దాకా పొడిగించడానికి మనకు మనసు రాలేదు.

కనబడని కాగితం

నాకు తెలిసిన ఒక ఫైర్ ఫైటింగ్ పైపుల సబ్‌కాంట్రాక్టరుకు, మీ రైజర్ల (అంతస్తుల మీదుగా పైకి వెళ్లే పైపుల) ఐటెమ్‌ను కన్సల్టెంటు హోల్డ్‌లో పెట్టాడు, అది వదిలాక ఇస్తాము అని నెలల తరబడి చెబుతూ వచ్చారు. ప్రెషర్ టెస్టు సరిగ్గా లేదేమోనని ఇతను మళ్లీ సొంత ఖర్చుతో టెస్టు చేయించాడు. చివరికి వేరే పని మీద కన్సల్టెంటు ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడి ఇంజనీరు మాటల్లో తెలిసింది, ఆ ఐటెమ్ నాలుగో ఆర్.ఏ. బిల్లులోనే సర్టిఫై అయిందని, సొమ్ము కూడా వెళ్లిపోయిందని. ఆ సొమ్ము ఇంకో సైటులో స్టీలు కొనడానికి వాడారు. తిరిగి వచ్చి గట్టిగా అడగలేకపోయాడు. అడిగితే ఆ ఇంజనీరు పేరు బయటపడుతుంది.

ఇటువంటివి విన్నాకనే, షరతును నిషేధించడం కంటే ముందు జరగవలసింది సర్టిఫికెట్‌ను కనబడనివ్వడం అని నాకు గట్టిగా అనిపించింది. “మాకు వచ్చాకే మీకు” అన్న షరతులోని అసలు బలం, వచ్చిందో లేదో ఇతనికి తెలియకపోవడంలోనే ఉంది. ఇంగ్లండులో పాత నామినేటెడ్ సబ్‌కాంట్రాక్టు పద్ధతిలో సర్టిఫికెట్‌లో అతని సొమ్ము ఎంతో ఆర్కిటెక్టు నేరుగా అతనికి తెలియజేసేవాడు. గల్ఫులో, ఇంకా చాలాచోట్ల వాడే అంతర్జాతీయ నమూనా కాంట్రాక్టు ఫిడిక్ 1999 రెడ్ బుక్‌లో, నామినేటెడ్ సబ్‌కాంట్రాక్టరుకు ముందు సర్టిఫికెట్ల సొమ్ము అందిందని రుజువు చూపించమని ఇంజనీరు అడగవచ్చు. చూపకపోతే యజమాని నేరుగా చెల్లించి, ప్రధాన కాంట్రాక్టరు లెక్కలోంచి తీసుకోవచ్చు. అక్కడి సైట్లలో పనిచేసి వచ్చిన మన సర్వేయర్లు, బిల్లింగ్ ఇంజనీర్లు తెలుగు జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వారికి ఇది కొత్త సంగతి కాదు. మన దేశంలోనూ 2020లో కోవిడ్ సడలింపుల్లో భాగంగా కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ, ఆమోదం పొందిన సబ్‌కాంట్రాక్టర్లకు ఎస్క్రో ఖాతా (నిర్ణయించిన చెల్లింపులకే వాడే విడి ఖాతా) ద్వారా నేరుగా చెల్లించే వెసులుబాటు ఇచ్చింది. ఆపదలో సాధ్యమైనది మామూలు రోజుల్లో అసాధ్యమని అనడానికి నాకు కారణం కనిపించదు.

ప్రధాన కాంట్రాక్టరు వాదం

ఎదుటి వాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బిల్లుల బకాయిల కోసం కాంట్రాక్టర్లు ఏళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. ఊరిలో సి.సి. రోడ్డు వేసిన చిన్న కాంట్రాక్టరు, పాఠశాలలకు మరమ్మతులు చేసినవాడు, చెరువు పని చేసినవాడు, ఇల్లు తాకట్టు పెట్టి వడ్డీ కడుతున్నారు. అతనికీ నూటికి రెండు రూపాయల వడ్డీయే. తనకే రాని సొమ్మును కిందివారికి గడువులో ఇచ్చి తీరాలంటే అతను కూలిపోతాడు, అతనితోపాటు కింద ఉన్నవారూ కూలిపోతారు. ఈ మాట విన్నప్పుడల్లా నా వాదం సన్నగిల్లినట్టే ఉంటుంది, ఎందుకంటే ఆ చిన్న ప్రధాన కాంట్రాక్టరుకూ, నేను పైన లెక్కవేసిన సబ్‌కాంట్రాక్టరుకూ తేడా చాలా తక్కువ.

అయినా నేను రెండు సంగతులు చూస్తాను. యజమాని ఎవరో చూసి, టెండరు చదివి, బకాయిలు ఉంటాయని తెలిసి, ఆ మేరకు రేటు వేసి సంతకం పెట్టినవాడు ప్రధాన కాంట్రాక్టరు. యజమాని మీద వడ్డీ అడిగే హక్కు, ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి తీర్పుకు) వెళ్లే హక్కు ఉంటే అతనికే ఉంటాయి. కిందివాడికి యజమానితో ఒప్పందమే లేదు. ఒక్క ఉత్తరం రాసినా, నీవెవరు అని అడుగుతారు. నష్టాన్ని ముందుగా చూడగలిగినవాడు, దాని మీద పోరాడగలిగినవాడు దాన్ని మోయాలి. ఇప్పుడు ఆ రెండూ చేయలేనివాడు మోస్తున్నాడు. రెండోది, పైనుంచి ఉపశమనం వచ్చినప్పుడు అది కిందికి దిగుతుందన్న హామీ ఎక్కడా లేదు. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థికశాఖ ఇచ్చిన సూచనల ప్రకారం, ఆర్.ఏ. బిల్లు ఇచ్చిన 10 పని దినాల్లో కనీసం 75 శాతం చెల్లించాలి, మిగిలింది 28 పని దినాల్లో తేల్చాలి. చాలా మంచి ఆదేశం. ఆ 75 శాతంలో సబ్‌కాంట్రాక్టరు వాటా ఎన్ని రోజుల్లో అతనికి చేరాలన్న మాట మాత్రం నేను చూసిన వర్క్ ఆర్డర్లలో ఒక్కదానిలోకీ రాలేదు.

కాబట్టి ప్రభుత్వ పనుల్లో రెండు మెట్లనూ ఒకేసారి కదపాలి. ప్రభుత్వం గడువులో చెల్లించకపోతే ప్రధాన కాంట్రాక్టరుకు వడ్డీ అడగకుండానే రావాలి, కిందివాడికి పని ఆపే హక్కు ఉండాలి. కిందివారు న్యాయంగా పని ఆపగలిగిన రోజు, ప్రధాన కాంట్రాక్టరు చేతికి కూడా ప్రభుత్వం ముందు చూపడానికి ఒక బలమైన కారణం దొరుకుతుంది. ఇప్పుడు పని ఎలాగోలా సాగుతూనే ఉంటుంది కనుక బకాయి ఉన్నా ఎవరికీ తొందర ఉండదు.

నాసిరకం పని గురించిన భయానికి నోటీసే జవాబు. ఎంత ఆపుతున్నారు, ఏ గదిలో ఏ లోపానికి అని రాసి ఇవ్వండి. నిజంగా లోపం ఉన్నవాడు ఇలా రాయడానికి వెనకాడడు.

నివాస భవనాల్లో దారి ఇంకా దగ్గర

ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో ఖజానా ఖాళీ అన్న వాదానికి అంత చోటు లేదు. అక్కడ సొమ్ము స్లాబుల వారీగా కొనుగోలుదారు దగ్గర నుంచి, అతని బ్యాంకు దగ్గర నుంచి వస్తుంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఆ సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, నిర్మాణానికీ స్థలానికీ మాత్రమే వాడాలి. పని ఎంత శాతం అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫై చేస్తేనే అందులోంచి తీయాలి. అంటే నేను అడుగుతున్న వ్యవస్థలో మూడు వంతులు ఇప్పటికే ఉంది: డబ్బు విడిగా ఉంది, అది చేసిన పనికి ముడిపడి ఉంది, సర్టిఫికెట్ ఉంది. లేనిది ఒక్కటే, తీసిన సొమ్ము పని చేసినవాళ్లకు చేరిందన్న రుజువు. చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే ధ్రువపత్రంలో, గత విడత సొమ్ములోంచి సబ్‌కాంట్రాక్టర్లకు సర్టిఫై అయిన మొత్తం ఎంత, చెల్లించినది ఎంత అని రెండు వరసలు చేర్చితే చాలు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరా సంస్థలు తమ నమూనాలను సవరించుకుంటే సరిపోతుంది. స్లాబు పడిందని ఇంటి వాయిదా కట్టిన కొనుగోలుదారుకు, ఆ స్లాబుకు సెంట్రింగ్ కొట్టినవాడికి డబ్బు ముట్టిందా లేదా తెలుసుకునే హక్కు ఉందని నేను అనుకుంటాను. పని మధ్యలో ఆగిపోతే మొదట నష్టపోయేది తనే కనుక అది అతని స్వార్థానికి కూడా సంబంధించినదే.

నాకు జవాబు దొరకని సంగతి ఇంకొకటి ఉంది. ఉద్యం నమోదు, జి.ఎస్.టి. నంబరు, వర్క్ ఆర్డరు ఉన్నవాళ్ల గురించే ఇంతవరకూ మాట్లాడాను. సబ్‌కాంట్రాక్టరు కింద పనిచేసే మేస్త్రీకి ఇవేవీ ఉండవు. చదరపు అడుగు రేటు నోటిమాటగా కుదురుతుంది, కొలతలు సూపర్‌వైజరు జేబులోని చిన్న పుస్తకంలో ఉంటాయి. నేను కోరుతున్న చట్టం వచ్చినా మొదట బాగుపడేది ఎలక్ట్రికల్ సబ్‌కాంట్రాక్టరే. అతను తన కింది మేస్త్రీకి ఆ మేలు పంచుతాడన్న నమ్మకం నాకు పూర్తిగా లేదు, తనకు జరిగినట్టే అతనూ చేయవచ్చు. నోటిమాట ఒప్పందం కూడా చట్టం ముందు ఒప్పందమే కనుక, కొలత షీటు మీద మేస్త్రీ సంతకం కూడా తీసుకుని, ఒక ప్రతి అక్కడికక్కడే ఫోన్‌లో ఫోటోగా అతనికి పంపాలన్న నియమం పెడితే కొంత దారి పడుతుందని ప్రస్తుతానికి అనుకుంటున్నాను. కొన్ని సైట్లలో యువ ఇంజనీర్లు ఎవరూ చెప్పకుండానే ఈ పని చేస్తున్నారు. ఆ ఫోటో చూపించి లెక్క అడిగిన మేస్త్రీలతో మాట్లాడాను. డబ్బు త్వరగా వచ్చిందని వాళ్లెవరూ చెప్పలేదు. కొలతల మీద గొడవ తగ్గిందని మాత్రం అందరూ చెప్పారు.